304 లోంచి 127 తీసేయడం నేర్పలేకపోయాను. ఎక్కడ తప్పు చేశాను?

కొత్తపలక (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నేను డీఎల్‌ఎడ్ (ప్రాథమిక పాఠశాల టీచర్ల శిక్షణ డిప్లొమా) రెండో సంవత్సరం విద్యార్థినిని. ఇంటర్న్‌షిప్ కోసం ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ఉన్నాను. శుక్రవారం మూడో తరగతికి గణితం పాఠం చెప్పాను. అప్పు తెచ్చుకుని చేసే మూడంకెల తీసివేతలు. మా లెక్చరర్ గారు వెనక కూర్చుని పరిశీలించారు.

ముందు రోజు అర్ధరాత్రి దాకా మేలుకుని థర్మోకోల్ బల్ల చేశాను. దానికి వందలు, పదులు, ఒకట్లు అని మూడు రంగుల జేబులు. పాఠానికి ముందు ఒక పాట పాడించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, అడిగిన ప్రతిదానికీ చేతులెత్తారు. లెక్చరర్ గారు ప్రేరణ బాగుంది, నల్లబల్ల పని బాగుంది, బోధనోపకరణం చాలా బాగుంది అని రికార్డులో రాసి, సంతకం పెట్టి, పక్క ఊరి బడికి వెళ్ళిపోయారు.

తర్వాత మూల్యాంకనంలో 304 − 127 ఇచ్చాను. తరగతిలో 19 మంది. ఆరుగురికే వచ్చింది.

బడిలోని టీచర్ గారు "మొదట్లో అందరికీ ఇంతేనమ్మా" అన్నారు. కానీ నాకు మనసొప్పడం లేదు. గణిత బోధనా పద్ధతుల్లో నాకు మొదటి సంవత్సరం మంచి మార్కులే వచ్చాయి. ప్రణాళికలో రాసిన సోపానాలన్నీ వరుసగా చేశాను. మరి ఎక్కడ జారింది?

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 10:05)

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది మేడం? అభ్యాసం చాలలేదు. ఇలాంటివే ఇంకో ఇరవై లెక్కలు ఇవ్వండి, వాటంతట అవే వస్తాయి. మా చిన్నప్పుడు థర్మోకోల్ లేదు, పాటలు లేవు. బెత్తం ఉండేది, లెక్కలు వచ్చేవి.

నేను బీఈడీ చేశాను. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మావాళ్ళు ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పడానికి పనికిరారని తేలింది. రెండేళ్ళ డిప్లొమాలో మాకు తెలియని రహస్యం ఏం నేర్పుతున్నారో తెలుసుకుందామని ఈ చర్చ చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే థర్మోకోల్.

పద్ధతులమేడం (ఆదివారం, రాత్రి 10:31)

కొత్తపలక గారూ, నేను ఒక డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో) చాలా ఏళ్ళుగా గణిత పద్ధతులు చెబుతున్నాను. ఒక్కటే అడుగుతాను. ఆరుగురికి వచ్చింది సరే. రాని పదమూడు మందికి ఏ జవాబులు వచ్చాయి?

కొత్తపలక (ఆదివారం, రాత్రి 10:44)

మేడం, నేను ఇంటు గుర్తులు పెట్టి పుస్తకాలు ఇచ్చేశాను. ఏం రాశారో చూడలేదు. తప్పు అని మాత్రమే చూశాను.

పాతబడిపంతులు (సోమవారం, ఉదయం 5:50)

తల్లీ, నువ్వు చూడకపోయినా నేను చెబుతాను. ఎక్కువమంది 223 రాసి ఉంటారు. కొందరు 187. ఒకరిద్దరు 107. ఈ రోజు బడికి వెళ్ళి పుస్తకాలు తెరిచి చూడు.

నాది జోస్యం కాదు. ముప్పై ఆరేళ్ళు ఈ మూడు జవాబులకే ఇంటు గుర్తులు పెట్టాను. అందులో మొదటి పదేళ్ళు, నీలాగే, చూడకుండా పెట్టాను.

కొత్తపలక (సోమవారం, సాయంత్రం 5:15)

మాస్టారూ! మధ్యాహ్న భోజనం అయ్యాక పుస్తకాలన్నీ ముందు వేసుకుని చూశాను. 223 రాసినవాళ్ళు ఎనిమిది మంది. 187 ముగ్గురు. 107 ఇద్దరు. నాలుగో రకం తప్పు ఒక్కటి కూడా లేదు. మీకు ఎలా తెలిసింది?

పాతబడిపంతులు (సోమవారం, రాత్రి 7:20)

పిల్లవాడు తప్పు చేసేటప్పుడు కూడా ఒక పద్ధతి ప్రకారమే చేస్తాడు తల్లీ. మనం పెట్టుకున్న పద్ధతి కాదు, అంతే.

223 ఎలా వచ్చింది? నాలుగు, ఏడు కనిపించాయి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలని ఒకటో తరగతిలో మనమే చెప్పాం. ఏడులోంచి నాలుగు పోతే మూడు. సున్నా, రెండు కనిపించాయి. రెండులోంచి సున్నా పోతే రెండు. మూడులోంచి ఒకటి పోతే రెండు. 223. వాడు మన మాటే విన్నాడు.

187 రాసిన పిల్లకు అప్పు తెచ్చుకోవడం తెలుసు. పదుల దగ్గర సున్నా ఉంది కాబట్టి వందల దగ్గరికి వెళ్ళింది, సున్నాను పది చేసింది. ఆ పదిలోంచి ఒకటి ఒకట్లకు ఇచ్చింది కదా, అది తగ్గించి తొమ్మిది చేయడం మరిచింది. 14 లో 7 పోతే 7, 10 లో 2 పోతే 8, 2 లో 1 పోతే 1.

107 రాసినవాడు వందల నుంచి నేరుగా ఒకట్లకు దూకాడు. మధ్యలో సున్నాను ముట్టుకోలేదు. సున్నాలోంచి రెండు తీయమంటే "ఏమీ లేదు కదా, ఏం తీస్తాను" అనుకుని సున్నాయే ఉంచాడు.

ముగ్గురికీ ఒకే ఇంటు గుర్తు పెడితే ముగ్గురికీ ఒకే జబ్బు అన్నట్టు అవుతుంది. గోదారిగట్టు గారు చెప్పినట్టు ఇంకో ఇరవై లెక్కలు ఇస్తే 223 పిల్లవాడు ఆ తప్పునే ఇరవై సార్లు సాధన చేస్తాడు.

పద్ధతులమేడం (సోమవారం, రాత్రి 8:02)

పంతులు గారికి నమస్కారం. నేను రెండేళ్ళలో చెప్పాలని తంటాలు పడేది మీరు ఒక్క జాబులో చెప్పారు.

కొత్తపలక గారూ, మీ బల్ల మీది రంగు జేబుల్లో ఏముంది? అంకెల కార్డులా, వస్తువులా?

కొత్తపలక (సోమవారం, రాత్రి 8:10)

అంకెల కార్డులు మేడం. 3, 0, 4. అప్పు తెచ్చుకున్నప్పుడు 3 తీసి 2 పెట్టాను, 0 తీసి 10 పెట్టాను, తర్వాత 9 పెట్టాను. చాలా చకచకా జరిగింది.

పద్ధతులమేడం (సోమవారం, రాత్రి 8:48)

అదీ సంగతి. నల్లబల్ల మీద చేసే పనినే మీరు థర్మోకోల్ మీద చేశారు. పిల్లలకు కనబడింది కార్డులు మారడం. ఒక వంద పది పదులుగా విడిపోవడం వాళ్ళు చూడలేదు. వందల జేబులోని 3, ఒకట్ల జేబులోని 3 వాళ్ళ కంటికి ఒకేలా ఉంటాయి. బోధనోపకరణం అందంగా ఉంటే పరిశీలకులకు నచ్చుతుంది. నేనూ చాలా ఏళ్ళు అలాంటివాటికి మార్కులు వేసిన పరిశీలకురాలినే, కాబట్టి మీ లెక్చరర్‌ను ఏమీ అనను.

చీపురు పుల్లలు తెచ్చుకోండి. పదేసి పుల్లలు రబ్బరు బ్యాండుతో కట్టండి. అలాంటి పది కట్టలను కలిపి ఒక మోపు కట్టండి. 304 అంటే మూడు మోపులు, విడి పుల్లలు నాలుగు. ఇప్పుడు ఒక పిల్లను పిలిచి 127 పుల్లలు ఇవ్వమనండి. ఏడు పుల్లలు కావాలి, చేతిలో నాలుగే ఉన్నాయి. విప్పడానికి చిన్న కట్ట లేదు. మోపు విప్పాలి. పది కట్టలు వస్తాయి. అందులో ఒక కట్ట విప్పాలి. ఎన్ని కట్టలు మిగిలాయి? తొమ్మిది. ఆ తొమ్మిదిని మీరు చెప్పనక్కరలేదు, నేల మీద కనబడుతూనే ఉంటాయి. 187 రాసిన ముగ్గురికీ కావలసింది అదే.

ఇంకో మాట. 'అప్పు' అనే పదం నాకు నచ్చదు. ఒకసారి ఒక పిల్లవాడు "తెచ్చుకున్న అప్పు ఎప్పుడు తీరుస్తాం టీచర్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇది అప్పు కానే కాదు. మన సొమ్మే, కట్ట విప్పుకుంటున్నాం.

ఒక్కగదిబడి (సోమవారం, రాత్రి 9:15)

మేడం, మా బడిలో దీన్ని 'చిల్లర మార్చడం' అంటాం. మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులూ నావే, గది ఒక్కటే. పాత క్యాలెండర్ కాగితాలతో వంద, పది, రూపాయి నోట్లు చేసుకున్నాం. ఒకరు కొట్టు పెడతారు. 304 రూపాయలతో వచ్చినవాడు 127 రూపాయల సరుకు కొనాలి. పది రూపాయల నోట్లు లేవు, కొట్టువాడి దగ్గర చిల్లర మార్చుకుని రావాలి.

కానీ రెండు మూడేళ్ళుగా చిక్కొకటి వచ్చింది. చాలామంది పిల్లలు కొట్టుకు వెళ్ళి చిల్లర తేవడమే మానేశారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఫోనుతో స్కాన్ చేసేస్తున్నారు. వందకు పది పదులు వస్తాయన్న మాట మా ఒకటో తరగతి పిల్లలకు కొత్త సంగతి.

పద్ధతులమేడం (సోమవారం, రాత్రి 9:33)

నోట్లు మంచి ఉపకరణమే. అయితే రెండో మెట్టుగా వాడండి. మోపులో కట్టకు పదింతల పుల్లలు కంటికి కనబడతాయి, విప్పితే లోపల పది కట్టలు నిజంగానే ఉంటాయి. వంద నోటు పది నోటు కన్నా పదింతలు పెద్దగా ఉండదు, చింపితే లోపల పది నోట్లు దొరకవు. వందకు పది పదులు సమానమని నమ్మి మార్చుకోవాలి. ఆ నమ్మకం పుల్లల దగ్గర కుదురుకున్నాక నోట్లు, నోట్లు అయ్యాక బొమ్మలు, చివరికి అంకెలు. మీ ఫోను సంగతి మాత్రం ఆలోచించవలసిందే. ఈ సంవత్సరం మా తరగతిలో చర్చకు పెడతాను.

గోదారిగట్టు (సోమవారం, రాత్రి 10:20)

బాగుంది, ఒప్పుకుంటాను, 223 వెనక కథ నాకు తెలియదు. అయినా అసలు విషయం పక్కదారి పట్టింది. విషయ పరిజ్ఞానం ఉన్నవాడు ఇవన్నీ తానే కనిపెట్టుకుంటాడు. ఇంటర్ పాసైనవారికి మూడో తరగతి లెక్క రాదా? దానికి ప్రత్యేకంగా పద్ధతులు అనే పేపరు ఎందుకు?

పద్ధతులమేడం (సోమవారం, రాత్రి 10:41)

లెక్క చేయడం వేరు, ఆ లెక్క పిల్లవాడి తలలో ఎలా అటూ ఇటూ పోతుందో తెలియడం వేరు. లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యావేత్త 1986 లో రాసిన వ్యాసంలో దీనికి 'పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్' అని ఒక పేరు కూడా పెట్టాడు. విషయ జ్ఞానం ఒకటి, సాధారణ బోధనా నైపుణ్యం ఒకటి, ఆ రెండూ కలిసి పుట్టే మూడో జ్ఞానం ఒకటి ఉంటుందని, ఉపాధ్యాయుడి సొంత ఆస్తి ఆ మూడోదేనని ఆయన వాదన.

వాదన ఎందుకు, ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. 3 ÷ 1/2. జవాబు అందరికీ తెలుసు, తిరగేసి గుణిస్తే 6. దీనికి సరిపడే ఒక కథ లెక్క చెప్పండి. పిల్లలకు అర్థమయ్యేలా. ఎవరైనా సరే.

గోదారిగట్టు (సోమవారం, రాత్రి 10:49)

ఇది కూడా ప్రశ్నేనా? అమ్మ మూడు జొన్నరొట్టెలు చేసింది. ఇద్దరు అన్నదమ్ములు సగం సగం పంచుకున్నారు. ఒక్కొక్కరికి ఎన్ని?

ఒక్కగదిబడి (సోమవారం, రాత్రి 10:52)

సార్, ఒక్కొక్కరికి ఒకటిన్నర వస్తుంది. ఆరు రాదు.

గోదారిగట్టు (సోమవారం, రాత్రి 11:06)

అవును.

ఆగండి. మూడు రొట్టెలు. సగం సగం. ఇద్దరు. అది 3 ÷ 2 అయింది. సగంతో భాగించమంటే సగానికి భాగించాను. పడుకునే ముందు ఇదేం గొడవ మేడం.

పద్ధతులమేడం (మంగళవారం, ఉదయం 6:30)

నొచ్చుకోకండి. ఈ ప్రశ్న నేను ప్రతి సంవత్సరం కొత్త బ్యాచ్‌కు మొదటి రోజే ఇస్తాను. సగానికి పైగా మీ రొట్టెల కథే చెబుతారు, రొట్టె బదులు యాపిల్ అంటారు.

ఒక్కగదిబడి (మంగళవారం, ఉదయం 6:55)

మూడు లీటర్ల పాలు ఉన్నాయి. అర లీటరు ప్యాకెట్లు ఎన్ని నింపవచ్చు? ఆరు. కుదిరిందా మేడం?

పద్ధతులమేడం (మంగళవారం, ఉదయం 7:04)

చక్కగా కుదిరింది. గోదారిగట్టు గారి కథ ఎందుకు దారి తప్పిందో కూడా మీ పాల ప్యాకెట్లలోనే ఉంది. భాగహారానికి రెండు ముఖాలు. పన్నెండు లడ్డూలు ముగ్గురికి పంచితే తలా ఎన్ని అన్నది ఒకటి. పన్నెండు లడ్డూలను మూడేసి చొప్పున పొట్లాలు కడితే ఎన్ని పొట్లాలు అన్నది రెండోది. రెంటికీ జవాబు నాలుగే కాబట్టి తేడా మనకు పట్టదు. మన బడుల్లో మొదటిదే ఎక్కువ చెబుతాం. కానీ అర మంది మనుషులకు పంచడం ఎవరి తరం? అందుకే భిన్నం దగ్గరికి వచ్చేసరికి మొదటి ముఖం పనిచేయదు, పొట్లాలు కట్టే రెండో ముఖం కావాలి. మూడో తరగతిలో పొట్లాలు కట్టించని టీచరు ఆరో తరగతి గణితం మాస్టారికి అప్పు పెట్టి పోతున్నట్టే. ఇక్కడ మాత్రం 'అప్పు' సరైన మాట.

రెండోబ్యాచ్ (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

ఇవన్నీ చదువుతుంటే ఏడుపు వస్తోంది. నేను ఒక ప్రైవేటు కాలేజీలో డీఎల్‌ఎడ్ పూర్తి చేశాను. పేరు చెప్పను. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ళలో కలిపి 20 వారాలు బడిలో ఉండాలి. నేను ఉన్నది లెక్కపెడితే 20 రోజులు కూడా కాదు. మిగతా పాఠాలన్నీ కాగితం మీదే చెప్పాను. సీనియర్ల రికార్డులు తెచ్చుకుని, తేదీలు మార్చి, అట్టలు వేసి ఇచ్చాం. 'విద్యార్థుల ప్రతిస్పందన' అనే గడిలో ఏం రాయాలో కూడా పాత రికార్డులోనే ఉంది. ఒక్క పిల్లను చూడకుండానే 'విద్యార్థులు ఉత్సాహంగా సమాధానమిచ్చారు' అని ఎన్నోసార్లు రాశాను.

తర్వాత టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) కోచింగ్. పేపర్ ఒకటిలో మొత్తం 150 మార్కులు. గణితానికి 30, అందులో పద్ధతులకు వచ్చేవి 6. ఆ ఆరింటికి కూడా ఏ శాస్త్రవేత్త ఏ పద్ధతి ప్రతిపాదించాడు, ఆగమనమా నిగమనమా అని బట్టీ పెట్టించారు. 187 ఎందుకు వస్తుందో ఎవరూ అడగలేదు.

డీఎస్సీఆశ (మంగళవారం, మధ్యాహ్నం 1:45)

టెట్ వెయిటేజీ ఎంత ఉంటుంది? ఈసారి ఎస్‌జీటీ ఖాళీలు ఎన్ని? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

నిర్వాహకులు (మంగళవారం, మధ్యాహ్నం 2:00)

డీఎస్సీ (టీచర్ ఉద్యోగాల నియామకం) ఖాళీలు, వెయిటేజీ, కటాఫ్ మార్కులకు వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ బోధన గురించే. పై జాబు తర్వాత వచ్చిన పదకొండు జాబులను అక్కడికి తరలించాం.

పాతబడిపంతులు (మంగళవారం, రాత్రి 7:40)

రికార్డుల సంగతి కొత్తది కాదు. మా టీటీసీ (అప్పటి టీచర్ శిక్షణ) రోజుల్లోనూ ఉంది. జర్మన్ విద్యావేత్త హెర్బార్ట్ పేరు మీద పాఠానికి హెర్బార్ట్ సోపానాలు అని ఐదు గడులు గీసి నింపేవాళ్ళం. హెర్బార్ట్ మహాశయుడు చెప్పినవి నాలుగే, తర్వాత జిల్లర్, రైన్ అనే అనుచరులు ఐదు చేశారు. ఇక్కడికి వచ్చేసరికి ఆరు కూడా అయ్యాయి. సోపానాలు పెరిగాయి కానీ మేడ ఎక్కింది ఎవరు?

సూక్ష్మబోధన (మైక్రోటీచింగ్) కూడా అంతే. 1960 లలో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైంది. ఐదారు నిమిషాలు, ఐదారుగురు పిల్లలు, ఒకే ఒక్క నైపుణ్యం. ఆలోచన మంచిదే. మన దగ్గర తోటి ఛాత్రోపాధ్యాయులే, అంటే శిక్షణలో ఉన్నవాళ్ళే, పిల్లల్లా కూర్చుంటారు. మీసాలున్న ఆ పిల్లలు ఒక్క తప్పు కూడా చెప్పరు. ఎదుటివాడికి మార్కులు రావాలి కదా.

మంచి రోజులు కూడా చూశాను. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మన రాష్ట్రంలో అపెప్ అనే ప్రాథమిక విద్యా పథకం నడిచిన కాలం, 80 ల చివర, 90 ల మొదట్లో. కృత్యాలతో నేర్పడం, జట్టు పని, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించడం, ఇలా ఆరు సూత్రాలు చెప్పారు. గదికి అడ్డంగా తాడు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీశాం. మొదట్లో మాకూ నవ్వులాటగానే ఉండేది. కానీ టీచర్స్ సెంటర్ సమావేశాల్లో నలుగురు పంతుళ్ళం కూర్చుని "ఈ కృత్యం నా తరగతిలో చెడింది" అని చెప్పుకునేవాళ్ళం. నాకు ఆ చెడిన కథలే పనికొచ్చాయి. తర్వాత తాడు మిగిలింది, బొమ్మలు పోయాయి.

పద్ధతులమేడం (మంగళవారం, రాత్రి 8:25)

మీసాల పిల్లల సమస్యకు నేను ఒక ఉపాయం వాడుతున్నాను, ఇతర డైట్‌ల వారికి పనికొస్తుందేమో. సూక్ష్మబోధనకు ముందు 'పిల్లలుగా' కూర్చునేవాళ్ళకు చీటీలు ఇస్తాను. ఒక చీటీలో "నువ్వు ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తావు". ఇంకోదాంట్లో "నూట ఏడు అంటే 1007 రాస్తావు, నూరు రాసి పక్కన ఏడు రాశాను కదా అంటావు". మరొకదాంట్లో "నాలుగు రెండు కన్నా పెద్దది కాబట్టి పావు అర కన్నా పెద్దదని గట్టిగా వాదిస్తావు". పాఠం చెప్పేవారికి చీటీల సంగతి తెలియదు. పది నిమిషాల్లో ఎవరి చేతిలో ఏ చీటీ ఉందో వాళ్ళు కనిపెట్టాలి. అప్పుడు చార్టులు, పాటలు అన్నీ పక్కకు పోతాయి, ప్రశ్నలు అడగడం మొదలవుతుంది.

అయితే ఎవరు ఎలాంటి తప్పు చేస్తారో రాయాలంటే చీటీలు రాసే నాకు బడి తెలియాలి. అందుకే నెలకు రెండు రోజులు ఒకటి, రెండు తరగతులకు నేనే పాఠం చెబుతాను. మొదటిసారి వెళ్ళినప్పుడు, నిజం చెప్పాలంటే, పిల్లలు నన్ను అరగంట కూడా నిలవనివ్వలేదు.

ఒకటోతరగతి (మంగళవారం, రాత్రి 9:10)

గణితానికే ఇంత చర్చ జరిగింది, తెలుగు మాటేమిటి? ఒకటో తరగతికి తెలుగు చెప్పడానికి ఏం శిక్షణ కావాలి, మనందరికీ తెలుగు వచ్చు కదా అని మా బ్యాచ్‌లో అనుకునేవాళ్ళం. బడిలో చేరిన మొదటి నెలలోనే ఆ భ్రమ వదిలింది.

ఒక పాప గుణింతాలన్నీ గడగడా చెబుతుంది. క నుంచి బండి ర దాకా ఎక్కడా తడబడదు. వాళ్ళ నాన్న గర్వంగా చెప్పించారు కూడా. నేను పలక మీద 'కాకి' రాసి చదవమన్నాను. పాప మొదటి అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ "క, కా" అని ఆగి "కా" అంది. రెండో అక్షరం దగ్గర మళ్ళీ మొదటి నుంచి "క, కా, కి" అని ఆగి "కి" అంది. రెండూ కలిపి ఏమిటమ్మా అంటే నా ముఖం చూసింది. 'గూడు' రాస్తే గ నుంచి గూ దాకా ఆరు మెట్లు ఎక్కింది. ఆ పాపకు గుణింతం పాటగా వచ్చు. గుడి, కొమ్ము అనే గుర్తులు అక్షరాన్ని మారుస్తాయన్న సంగతి అందలేదు.

ఇప్పుడు నేను వరుస చెప్పించడం మానేసి గుర్తు పట్టుకుని అడ్డంగా వెళుతున్నాను. కి, గి, డి, ది, సి. అన్నిట్లోనూ తల మీద ఒకే గుడి. ఆ వెంటనే ఆ అక్షరాలతో పిల్లలకు తెలిసిన మాటలు. వరుస పాడించడం తప్పు అనను, నాకూ ఇష్టమే, కానీ పాట చివర్లో పెడుతున్నాను. పద పద్ధతి, వాక్య పద్ధతి, అక్షర పద్ధతి అని పరీక్షలో మూడింటికీ లాభనష్టాలు రాసి వచ్చాను. ఈ పాప ముందు కూర్చున్నాకే ఆ మూడు పేర్లు దేని గురించో తెలిసింది.

మన్యంమాస్టారు (మంగళవారం, రాత్రి 9:48)

మీ పాపకు 'కాకి' అంటే తెలుసు కాబట్టి అదృష్టవంతురాలు. మా బడిలో ఒకటో తరగతికి వచ్చే పిల్లల ఇంటి భాష సవర. అక్షరం చదివినా మాట తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 ల మొదట్లో సవర, కోయ, గోండి, కువి వంటి ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టి వాచకాలు చేశారు. నేను వాటితోనే పాఠాలు చెప్పాను. కానీ నా శిక్షణలో రెండేళ్ళలో ఒక్క పీరియడ్ కూడా, పిల్లవాడి భాష నీకు రాకపోతే ఏం చేయాలి అన్నదాని మీద లేదు. నూరేళ్ళ కిందటే గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, ఆ పిల్లలకు బడులు పెట్టించారు. ఏటా ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన సవర సంగతి ఆ సభల్లో ఎంతమంది తలుచుకుంటారు?

నేను చేసేది చిన్న పని. మొదటి నెల పాఠం చెప్పను. పిల్లలే నాకు చెబుతారు. కుండను ఏమంటారు, వానను ఏమంటారు, నేను తప్పు పలికితే పడీ పడీ నవ్వుతారు. నోరు విప్పని పిల్లలు కూడా నన్ను దిద్దడానికి నోరు విప్పుతారు.

ఇద్దరుపిల్లలఅమ్మ (బుధవారం, ఉదయం 10:15)

నేను టీచర్ను కాను. ఒక సందేహం. మా బాబు నాలుగో తరగతి. ఇదే లెక్క, 304 − 127, వాడికి ఇచ్చి చూశాను. నిలువుగా రాయలేదు. "127 కి 3 వేస్తే 130. 70 వేస్తే 200. ఇంకో 104 వేస్తే 304. మొత్తం 177" అన్నాడు. వాళ్ళ తాత కిరాణా కొట్టులో నేర్చుకున్నాడు. కానీ బడిలో ఇలా చేస్తే టీచర్ కొట్టేసి, పద్ధతి ప్రకారం చేయమని రాస్తున్నారు. ఎవరిది తప్పు?

పద్ధతులమేడం (బుధవారం, ఉదయం 11:02)

మీ బాబుది కాదమ్మా. వాళ్ళ తాత గారికి నా నమస్కారాలు. అది తీసివేతను తేడాగా చూడడం. ఎంత కలిపితే అక్కడికి చేరతాం అని. సున్నాలు ఉన్న లెక్కల్లో నిలువు పద్ధతి కన్నా ఇదే త్వరగా తెములుతుంది. నిలువు పద్ధతి కూడా రావాలి, ఎంత పెద్ద సంఖ్యలకైనా పనిచేస్తుంది కాబట్టి. ఆ టీచర్‌ను కూడా తొందరపడి తప్పు పట్టకండి. తమకు నేర్పిన ఒక్క దారి తప్ప రెండో దారి చూడని వారికి, పిల్లవాడు రెండో దారిలో వస్తే దారి తప్పాడనే అనిపిస్తుంది. ఆ లోటు మా శిక్షణదే.

గోదారిగట్టు (బుధవారం, రాత్రి 8:30)

రెండు రోజులుగా జాబులు రాయకుండా చదువుతున్నాను. తీర్పు మీద నా కోపం అలాగే ఉంది, దానికి కారణాలు వేరే ఉన్నాయి. కానీ 3 ÷ 1/2 ను మా ఇంట్లో అందరికీ ఇచ్చాను. మా అక్క ఇంజినీరు, ఆవిడ కూడా రొట్టెలే పంచింది. మా అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. "మూడు శేర్ల బియ్యంలో అరశేర్లు ఎన్నిరా, ఆరు" అంది.

కొత్తపలక (గురువారం, సాయంత్రం 6:05)

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఈ రోజు ఏం జరిగిందో రాస్తాను.

నిన్న సాయంత్రం నాలుగు చీపుళ్ళు కొని పుల్లలు విరిచి కట్టాను. మా హాస్టల్ గదిలో అందరూ కూర్చుని కట్టినా 304 పుల్లలకు రాత్రి పదకొండయింది. పాట మానేశాను. పిల్లలను నాలుగు జట్లు చేయాలనుకున్నాను కానీ పుల్లలు ఒక్క జట్టుకే సరిపోయాయి. అందుకని అందరినీ నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి మధ్యలో పోశాను.

223 రాసిన ఒక బాబును పిలిచి ఏడు పుల్లలు ఇవ్వమన్నాను. నాలుగు ఇచ్చాడు. ఇంకా మూడు అన్నాను. చుట్టూ చూశాడు. మోపు మీద చేయి వేసి, "విప్పవచ్చా టీచర్?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే ఇద్దరు లేచి తాడు లాగేశారు. తర్వాత ఒక కట్ట రబ్బరు బ్యాండు తీశారు. మిగిలిన కట్టలు లెక్కపెట్టమంటే అందరూ ఒకేసారి తొమ్మిది అని అరిచారు. 187 రాసిన అమ్మాయి మాత్రం అరవలేదు. తన పుస్తకం తెరిచి, 10 అని రాసుకున్న చోట కొట్టేసి 9 వేసుకుంది. నేను ఆ పని చెప్పలేదు.

చివర్లో 502 − 238 ఇచ్చాను. పదమూడు మందికి 264 వచ్చింది. నలుగురు ఇంకా పాత దారిలోనే వెళ్ళి 336 రాశారు. ఇద్దరు రాయలేదు. ఈసారి అందరి జవాబులూ నా పుస్తకంలో ఎక్కించుకున్నాను.

పాఠం తక్కువ సమయంలో ముగియలేదు. నలభై నిమిషాల పీరియడ్‌కు గంటా పది నిమిషాలు పట్టింది. పక్క తరగతి టీచర్ గారు రెండుసార్లు తొంగి చూశారు.

ఒక సందేహం మిగిలింది. పుల్లలు సర్దుతుంటే 107 రాసిన బాబు వచ్చి, "టీచర్, వెయ్యి ఉందనుకోండి. దాంట్లోంచి ఒక్క పుల్ల ఇవ్వాలంటే అన్నీ విప్పాలా?" అని అడిగాడు. నేను వెంటనే అవును కాదు చెప్పలేకపోయాను.

పాతబడిపంతులు (గురువారం, రాత్రి 7:15)

చెప్పకపోవడమే మంచిదయింది. వాణ్ణే విప్పి చూడమను. ఒక్క పుల్ల ఇచ్చాక ఎన్ని మోపులు, ఎన్ని కట్టలు, ఎన్ని విడి పుల్లలు మిగిలాయో బల్ల మీద రాయమను. అక్కడే 999 కనబడుతుంది వాడికి.

కొత్తపలక (గురువారం, రాత్రి 7:32)

రేపే అడుగుతాను మాస్టారూ. కాకపోతే వెయ్యి పుల్లలు కావాలి. నాలుగు చీపుళ్ళకు మూడు వందల చిల్లర వచ్చాయి. ఊళ్ళో కొట్టువాడు ఇప్పటికే నన్ను అనుమానంగా చూస్తున్నాడు.